సొంత కూతురికి కోసిన మార్కులు

"చిట్టీ... ఒక్కసారి తలుపు తియ్యమ్మా! స్కూలుకి టైమవుతోంది!"

లోపలినుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. పదో తరగతి పిల్లలందరినీ కంటిచూపుతో కూర్చోబెట్టగల లెక్కల టీచరు, ఈ పొద్దున సొంత కూతురి గది ముందు దోషిలా నిలబడి బతిమాలుతోంది! పక్కనే అత్తగారు టిఫిను పళ్లెం పట్టుకుని కళ్లు ఒత్తుకుంటోంది. నిన్న సాయంత్రం స్కూలునుంచి వచ్చిన దగ్గర్నుంచీ పిల్ల పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు మరి! లారీ మీద ఊళ్లు తిరిగే కొడుక్కి ఫోన్ చేద్దామంటే, చెప్పడానికి ఆవిడకు నోరు రాలేదు.

జరిగింది ఇదీ. స్కూళ్ల మధ్య జరిగే లెక్కల పోటీకి ప్రతి ఏడూ నలుగురు పిల్లల్ని పంపుతారు. టీచరే పరీక్ష పెట్టి, తనే దిద్ది, జట్టును ఎంచుతుంది. ముగ్గురి విషయంలో పేచీ లేదు. నాలుగో చోటు దగ్గరే చిట్టీ, బేకరీ వాళ్లమ్మాయీ పోటీ పడ్డారు. ఇద్దరూ ప్రాణస్నేహితులు. చోటు బేకరీ వాళ్లమ్మాయికే వెళ్లింది. అంతవరకూ చిట్టి ఓర్చుకునేదేమో! కానీ దిద్దిన పేపర్లు పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నారు. ఒకే లెక్క, ఒకే జవాబు, ఇద్దరూ మధ్యలో స్టెప్పులు ఎగరగొట్టినవాళ్లే. స్నేహితురాలికి పూర్తి మార్కులు పడ్డాయి, చిట్టికి మాత్రం ఎర్ర సిరాతో కోత! చిట్టిది పదో తరగతి, వచ్చే ఏడు ఈ స్కూల్లోనే ఉండదు, ఇక ఇలాంటి అవకాశం రాదు. పేర్లు పంపడానికి ఈ సాయంత్రమే ఆఖరు.

గడియ చప్పుడైంది. ఏడ్చి ఏడ్చి వాచిన మొహంతో చిట్టి గడపలోకి వచ్చింది.

"అమ్మా, ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ పేపరు మీద నా పేరు కాకుండా ఇంకెవరి పేరున్నా ఆ మార్కులు కోసేదానివా?"

"అది కాదే... రేపు నలుగురూ నాలుగు మాటలంటారు. టీచరు కూతురు కాబట్టి తీసుకున్నారంటే నువ్వు తట్టుకోలేవు..."

"తట్టుకోలేనిది నేనా అమ్మా... నువ్వా?"

ఆ మాట గుండెల్లో సూటిగా దిగింది! అత్తగారు కూడా ఊరుకోలేదు. "దానికి నోటిలెక్కలు నేర్పింది నువ్వే కదమ్మాయ్! నువ్వు గిన్నెలు తోముతూ అడిగేదానివి, అది తుడుస్తూ జవాబు చెప్పేది. ఏనాడైనా కాగితం ముట్టుకోనిచ్చావా? ఇప్పుడేమో స్టెప్పులేవని ఎర్ర గీత పెడతావా!"

టీచరు అక్కడే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నిజాయితీ మంచిదే, కాదన్నదెవరు? కానీ ఊళ్లో పిల్లలందరికీ తల్లిలా ఉండి, కన్నబిడ్డకు మాత్రం పరాయిదైపోతే అదేం నిజాయితీ! తను న్యాయం చేశాననుకుంది. చేసింది న్యాయం కాదు, భయపడింది... అంతే! మనుషుల నోళ్లకు జడిసి బిడ్డ నోరు కొట్టింది.

స్కూలుకి వెళ్లగానే సైన్సు చెప్పే గడ్డం మాస్టారి దగ్గర ఆగింది. దాచకుండా అంతా చెప్పేసింది. "ఇద్దరికీ ఇవాళే మళ్లీ పరీక్ష పెట్టండి మాస్టారూ. పేపరు మీరే ఇవ్వండి, మీరే దిద్దండి. నేను ఆ గది ఛాయలకు కూడా రాను."

ఆయన గడ్డం నిమురుకున్నాడు. "బాగానే ఉందమ్మా. కానీ జట్టును తీసుకెళ్లేది మీరేగా? మీ అమ్మాయి నెగ్గితే మళ్లీ అదే మాట పుడుతుంది."

"జట్టును కూడా... మీరే తీసుకెళ్లండి." ఆ మాట అన్నది ఏడాదంతా ఆ ఒక్క రోజు కోసమే ఎదురుచూసే మనిషి!

బేకరీ వాళ్లమ్మాయిని పిలిచి చెయ్యి పట్టుకుంది. "ఇచ్చిన చోటు మళ్లీ పరీక్షకు పెడుతున్నాను. తప్పు నాది తల్లీ, నీది కాదు."

ఆ పిల్ల బావురుమంది. "నిన్నటినుంచీ చిట్టి నాతో మాట్లాడటం లేదు మేడమ్! మాట్లాడితే చాలు, ఎన్ని పరీక్షలైనా రాస్తాను!"

కబురందుకుని నాయనమ్మ చిట్టిని వెంటబెట్టుకొచ్చింది. మధ్యాహ్నం గడ్డం మాస్టారు నవ్వుతూ స్టాఫ్ రూములోకి వచ్చాడు. "ఒక్క లెక్కలో మీ అమ్మాయిదే పైచెయ్యి. ఎంత కోపమొచ్చిందో పాపం, రెండూ రెండూ నాలుగని కూడా స్టెప్పు రాసింది! రెండో పిల్ల కూడా తీసిపోలేదు. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే అక్కరకొస్తుంది, వెంట తీసుకెళతాను." టీచరు నవ్వబోయి ఏడ్చేసింది.

పోటీ రోజు పిల్లల తల్లిదండ్రుల మధ్యన, గేటు పక్కన ఒదిగి నిలబడింది. బస్సు ఎక్కేటప్పుడు చిట్టి తనవైపు చూడలేదు. స్నేహితురాలి పక్కన కూర్చుని ఏదో గుసగుసలాడుతోంది. ఇంకా కోపం పోలేదేమో... పోనీలే, పిల్ల వెళుతోంది, అది చాలు! అని మనసుకు సర్దిచెప్పుకుంది.

బస్సు కదిలింది. స్కూలు ఆవరణలో మిగతా పిల్లల్లాగే చిట్టి కూడా ఆవిడను మేడమ్ అనే పిలవాలి. చేరిన రోజే తల్లి పెట్టిన కట్టుబాటు అది, పిల్ల ఏనాడూ దాటలేదు. అలాంటిది కిటికీలోంచి సగం బయటికి వంగి, స్కూలంతా తిరిగి చూసేలా అరిచింది.

"అమ్మా! వెళ్లొస్తానమ్మా!"

"జాగ్రత్త తల్లీ!" అని ఆవిడా అంతే గట్టిగా అరిచింది. కళ్లు తుడుచుకుని, బెల్లు కొట్టాక క్లాసుకు వెళ్లింది.