మూడో గ్లాసు

"అత్తయ్యకి ఒంట్లో బాగాలేదు," అన్నాడు ఫోన్‌లో మేనమామ. "రేపు ఇంటికి తీసుకొచ్చెయ్."

పక్కన ఎవరైనా వింటే అదేదో కుటుంబ వ్యవహారం అనుకుంటారు. డిపార్ట్‌మెంట్ కోడ్‌లో మేనమామ అంటే చీఫ్. మేనల్లుడు అంటే ఫీల్డ్ ఏజెంట్. అత్తయ్య అంటే అనుమానితురాలు. ఇంటికి తీసుకురావడమంటే అరెస్టు, ఎదురు తిరిగితే కాల్పులు.

"సరే," అన్నాడు మేనల్లుడు. నాలుగు ముఠాలను పట్టించిన మనిషి ఆ ఒక్క మాట అనేముందు ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు. ఎందుకంటే ఆ అత్తయ్య అతనికి ఫ్రెంచ్ నేర్పుతున్న మేడమ్.

ఏడాదిగా అతను ఆమె పనిచేసే కాలేజీ ఫ్రెంచ్ విభాగంలో సాయంత్రం కోర్సు విద్యార్థి. నెరిసిన విగ్గు, లావుపాటి కళ్ళజోడు, భార్య పోయిన ఇన్సూరెన్స్ గుమాస్తా వేషం. విభాగంలో ఎవరినో ఒక విదేశీ ముఠా కొనేసిందని సమాచారం. ముఠా గురి మర్నాడు ఆ విభాగానికి రాబోయే అతిథి మీద. ఆయన పశ్చిమ ఆఫ్రికాలో ఫ్రెంచ్ మాట్లాడే ఒక దేశపు రాడార్ ఇంజనీరు. మన దేశం, వాళ్ళ దేశం రెండిటి తీరాలకూ కాపలా కాసే ప్లాన్ మొత్తం ఆయన బుర్రలోనే ఉంది. ఆ బుర్ర పనిచెయ్యడం ఆగిపోతే ముఠాకి పండగే.

మేడమ్ మీద అనుమానం రావడానికి కారణం మేనల్లుడే.

కోర్సు మొదట్లో 'నా కుటుంబం' అని వ్యాసం రాయమంది మేడమ్. ఫ్రెంచ్‌లో చుట్టరికాలు మహా పొదుపు. మేనమామ, బాబాయి, పెదనాన్న అందరూ ఒక్క మాటలో సర్దుకుని కూర్చుంటారు. బావమరిదికీ తోడల్లుడికీ తేడా చూపించడం చేతకాక మేనల్లుడు ఇద్దరినీ కథలోంచి తీసేశాడు. భార్యని చంపడం మాత్రం సులువుగా అయిపోయింది. చావుకు కావలసిన క్రియలు ఆ వారమే చెప్పారు మరి. నిజానికి అతనికి పెళ్ళే కాలేదు.

ఆ వ్యాసం చదివి మేడమ్ కళ్ళు తుడుచుకుంది. క్లాసయ్యాక అతన్ని ఉండమని, తన భర్త సంగతి చెప్పింది. ఆయన పరాయి దేశంలో ఉద్యోగం చేస్తూ పోయాడు. ఈమె చేరేసరికి అంతా అయిపోయింది. స్టాఫ్‌లో ఎవరికీ చెప్పలేదట. "మీకైతే విడమర్చి చెప్పక్కర్లేదు," అంది. ఆ రోజు నుంచి ముందు బెంచీలో అతని చోటు అతనిదే. అతనికి జ్వరమొస్తే పాఠం నోట్సుతో పాటు మాత్రలు కూడా పంపేది.

మేనల్లుడు ఆ మాత్రలు వేసుకుని, మంచం మీదే రిపోర్టు రాశాడు. "భర్త విదేశంలో మరణించాడు. ఒంటరి మనిషి. ఆ దుఃఖాన్ని వాడుకుని ముఠా ఈమెను లొంగదీసుకుని ఉండవచ్చు." తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే అదే. అతనికీ తెలుసు. తెలిసే సంతకం పెట్టాడు.

రిపోర్టుకు సాక్ష్యం ఇచ్చింది వదిన. వదిన అంటే డిపార్ట్‌మెంటుకి రహస్యంగా కబుర్లు చేరవేసే మనిషి. బయటికి మాత్రం లాంగ్వేజ్ ల్యాబ్ ఇన్‌ఛార్జ్. హైహీల్స్ చప్పుడు కంటే ముందు సెంటు వాసన గదిలోకి వచ్చేది. మేడమ్‌కి విదేశాల నుంచి దొంగచాటుగా ఫోన్లు వస్తున్నాయని ఆమె చెప్పింది. అంత అందంగా చెబితే నమ్మకుండా ఉండటం కష్టమే.

మర్నాడు సెమినార్ హాల్లో చాపలు పరిచారు. మేడమ్ వ్యాకరణంతో సరిపెట్టుకునే టీచర్ కాదు. ఫ్రెంచ్ మాట్లాడే దేశాలన్నిటి మర్యాదలూ తెలియాల్సిందేనంటుంది. అతిథి ప్రాంతంలో ఒకే ఆకుని మూడుసార్లు మరిగించి మూడు గ్లాసుల టీ ఇస్తారు. మొదటిది చేదు, రెండోది నయం, మూడోది తీపి. మూడోది తాగకుండా లేస్తే ఇంటివాళ్ళని అవమానించినట్టే. బస్సుకి టైమైతే రెండో గ్లాసుతో లేవచ్చని పరీక్షలో రాసి మార్కులు పోగొట్టుకున్న ఘనుడు మన మేనల్లుడు.

అతని కోటు లోపల పిస్టల్ ఉంది, జేబులో పెన్ను ఉంది. విషం తగిలితే ఆ పెన్ను పాళీ ఎర్రబడుతుంది.

మేడమ్ మొదటి టీ కాచింది. మేనల్లుడు ఎవరూ చూడకుండా తన గ్లాసులో పెన్ను ముంచాడు. రంగు మారలేదు. రెండో టీకీ మారలేదు. ఇంజనీరు తన ఊరి సంగతులు చెబుతూ హాయిగా నవ్వుతున్నాడు. మూడోసారి కాచేటప్పుడు వదిన చక్కెర గిన్నె అందించింది. మేడమ్ చక్కెర వేసి, పుదీనా వేసి, నురగ వచ్చేలా ఎత్తు నుంచి గ్లాసుల్లోకి పోసింది.

అప్పుడు వదిన లేచింది. అర్జెంటు ఫోన్ ఉందని నవ్వుతూ చెప్పి, గ్లాసు ముట్టకుండా తలుపు వైపు నడిచింది. ఇంజనీరు ముఖం చిన్నబోయింది. మేడమ్ సిగ్గుతో తల దించుకుంది.

మేనల్లుడి చెయ్యి పిస్టల్ మీద, చూపు మేడమ్ మీద ఉన్నాయి. ఆర్డర్ అదే. అయినా బుర్ర మాత్రం వదిన వెనకాలే పోయింది. ఈ టీ మర్యాద బాగా తెలిసిన మనిషి మధ్యలో లేచిందేం? మొదటి రెండు గ్లాసులూ బాగానే తాగిందే? అంతలో అతిథి మనసు నొచ్చుకోకూడదని మేడమ్ తన గ్లాసు తనే ముందు పెదాల దగ్గరికి తీసుకుంది. విషం కలిపిన మనిషి అలా తాగబోదు. ఇంజనీరు కూడా గ్లాసెత్తాడు.

పెన్ను ముంచే వ్యవధి లేదు. మేనల్లుడు ఒక్క దూకు దూకి రెండు గ్లాసులనూ చేత్తో కొట్టేశాడు. వేడి టీ మేడమ్ చీర మీద పడింది. అతని విగ్గు చెవి మీదకి జారింది.

"ఏంటండీ ఇది?" అంది మేడమ్. విద్యార్థులందరి ముందూ ఆమె తెలుగు మాట్లాడటం అదే మొదటిసారి.

"ఎవరూ తాగకండి," అని అరిచి, ఒలికిన టీలో పెన్ను ముంచాడు. పాళీ ఎర్రబడింది.

తలుపు దగ్గర వదినకి పిస్టల్ అడ్డం పెట్టాడు.

"వదినా, మూడోది మిగిలిపోయింది."

"ముందు విగ్గు సర్దుకో," అంది వదిన, చేతులు పైకెత్తుతూ.

వదిన ముఠా సొమ్మూ డిపార్ట్‌మెంట్ సొమ్మూ రెండు చేతులా తీసుకుందని విచారణలో తేలింది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని మేనమామ తనని తనే ఓదార్చుకున్నాడు. మేనల్లుడికి ప్రమోషన్ రాశాడు. అనుమానితుల జాబితాలోంచి మేడమ్ పేరు తీసేసేముందు రూల్ ప్రకారం ఆమె మీద రాసిన రిపోర్టు ఆమెకే చూపించి సంతకం తీసుకున్నారు. ఆ సంగతి విన్నాక మేనల్లుడికి ప్రమోషన్ మాట వినబడలేదు.

తర్వాత ఒక సాయంత్రం విగ్గు లేకుండా, కళ్ళజోడు లేకుండా క్లాసుకి వెళ్ళాడు. అందరూ వెళ్ళిపోయేదాకా వెనక బెంచీలో కూర్చున్నాడు. మేడమ్ బోర్డు తుడుస్తూ, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"మీ ఆవిడ?"

"లేదు మేడమ్. నాకసలు పెళ్ళే కాలేదు."

"మరి ఆ రోజు నేను ఏడ్చిందెవరి కోసం?"

 క్షమించమని ఫ్రెంచ్‌లో ఎన్ని రకాలుగా అడగొచ్చో అతనికి ఆమే నేర్పింది. ఒక్కటీ ఈ తప్పుకి సరిపోదు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

"ఆయన గురించి మీకొక్కరికే చెప్పాను," అంది.  స్టాఫ్‌రూమ్ స్టవ్ తెచ్చి బల్ల మీద పెట్టింది. టీ కాచింది. మొదటి గ్లాసు ఇద్దరూ తాగారు. రెండోదీ అంతే. మూడోది పోసి అతని ముందుకు జరిపింది.

అలవాటు పాడుగాను, అతని చెయ్యి జేబులో పెన్ను మీదకి పోయింది.

మేడమ్ చూసింది. "ముంచి చూసుకోండి. నేనేమీ అనుకోను," అంది.

అతను పెన్ను తీసి ఆమె ముందు పెట్టేసి, గ్లాసు ఎత్తి తాగాడు.

కేసులో ఉన్నవాళ్ళ చేత్తో ఏం తాగినా, విషం ఉందో లేదో రాసి పంపాలని డిపార్ట్‌మెంట్ రూల్. ఆ రాత్రి మేనల్లుడు రాసి పంపాడు: "మూడో గ్లాసు. విషం లేదు. అయినా మొదటి గ్లాసు కన్నా చేదు."