తొలిచూపు ఆట

పొద్దున్న ఏడింటికే మరపుశాల ముందు పదిమంది వరసలో నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఎదురింటి సూరీడమ్మ కూడా ఉంది. కోడలితో పడ్డ తగువుని ఆవిడ వారానికోసారి తీయించుకుంటుంది. తీయించుకుని, తేలికపడ్డ మొహంతో ఇంటికెళ్ళి, అదే పప్పుచారు మీద అదే తగువు మళ్ళీ కొత్తగా మొదలెడుతుంది.

"సినిమాకేటి, వరాలూ?" అంది సూరీడమ్మ.

"సినిమాకే పిన్నీ."

"తొలిచూపు చేయించుకోకుండానే? ఈ సినిమా వాళ్ళు ఊరికే చేస్తన్నారట కదే!"

"మాకొద్దు. మేం ఒట్టేసుకున్నాం," అంది వరాలు. నడక ఆపకుండానే అంది.

గాజువాకలో అప్పటికి వీధికో మరపుశాల వచ్చింది. నెత్తిన టోపీ పెట్టి, ఏది మరిచిపోవాలో చెప్పమంటారు. చెబుతుంటే మెదడులో ఏయే దీపాలు వెలుగుతాయో టోపీ పసిగట్టి, వాటిని ఆర్పేస్తుంది. పావుగంట పని. మొదట్లో ఘోరాలు చూసినవాళ్ళకీ, పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళకీ మాత్రమే చేసేవారు. తర్వాత పరీక్ష పోయినవాళ్ళు వచ్చారు, పెళ్ళిచూపుల్లో పరువు పోయినవాళ్ళు వచ్చారు. ఆ తర్వాత 'తొలిచూపు' వచ్చి జనాన్ని వెర్రెక్కించింది. ఇష్టమైనదాన్ని మరిచిపోయి, మళ్ళీ మొదటిసారిగా అనుభవించడమే తొలిచూపు. ఏటా మామిడిపండు రుచి తీయించుకుని వేసవిలో మొదటి ముక్క తిని కళ్ళనీళ్ళు పెట్టుకునే పెద్దమనుషులున్నారు. మతి ఉన్నవాళ్ళు చేసే పనేనా? అయినా చేస్తున్నారు.

'అయస్కాంతుడు' మళ్ళీ తీస్తున్నామని ప్రకటించిన సంస్థ కూడా ఆ దారే పట్టింది. పాత సినిమాతో పోల్చి కొత్తదాన్ని చంపేస్తారని వాళ్ళ భయం. అందుకని పాత సినిమాని మరిచిపోయి వచ్చే అభిమానులకి మొదటి ఆటకి పిలిచి మరీ సీటు ఇస్తామన్నారు.

పాత అయస్కాంతుడు ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి బొమ్మ. ఉక్కు ఫ్యాక్టరీలో వెల్డింగు చేసుకునే ఒక కుర్రాడు ప్రమాదంలో పడి, ఇనుము తన మాట వినే మనిషై లేస్తాడు. గాజువాకంతా ఉక్కు పనివాళ్ళే. సినిమాకెళ్ళి తమనే తెర మీద చూసుకున్నారు. మెళ్ళో తాడుకి నట్టు కింద వేసే ఇనప వాషరు కట్టుకున్నారు. అయస్కాంతుడు మొదటిసారి తెర మీద కనబడగానే అందరూ ఆ వాషరుని సీటు చేతికేసి కొట్టడం అక్కడి ఆచారమైంది. వీరభద్ర థియేటరు వాడు ఎన్ని హంగులు మార్చినా ఇనప చేతుల సీట్లు మాత్రం మార్చలేదు. మారిస్తే ఊరుకుంటారేటి?

వరాలు మెళ్ళో వాషరు తాడుకి లేదు. పుస్తెల మధ్య ఉంది.

అది పైడిరాజు గుచ్చింది. ఆ సినిమా దగ్గరే ఇద్దరూ కలిశారు, ఆ సినిమాకే నలభై ఒక్కసార్లు కలిసి వెళ్ళారు. ఇంట్లోవాళ్ళు కాదంటే గుళ్ళో పెళ్ళి చేసుకున్నారు. అభిమాన సంఘానికి ఇప్పుడు అతను ప్రెసిడెంటు, ఆమె సెక్రటరీ. కిందటి ఆదివారం సంఘంలో నూటపది మందీ వాషర్లు పట్టుకుని ఒట్టేశారు, ఎవరూ తొలిచూపు చేయించుకోకూడదని. బాగుంటే బాగుందని చెబుదాం, చెత్తగా ఉంటే మొహం మీదే చెబుదాం, కానీ మనవాణ్ణి మరిచిపోయి మాత్రం చూడొద్దు అన్నాడు పైడిరాజు. ఆ మాటకి వరాలు ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా.

రాత్రి డ్యూటీ దిగి నేరుగా హాలుకే వస్తానన్నాడు. ఆటకి రెండు నిమిషాలుందనగా పరిగెత్తుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఇంతాలస్యమేటి?"

"ఏదో పనిబడిందిలే," అన్నాడు.

ఆట మొదలైంది. కొత్త అయస్కాంతుడు సముద్రానికెదురుగా అద్దాల మేడలో పుట్టినవాడు. వాడికి శక్తి వచ్చింది చేతికి తొడుక్కున్న ఖరీదైన కడియం వల్ల. సినిమాలో ఎక్కడా వాడి చేతికి మసి అంటలేదు. తెర మీదకి వాడు రాగానే హాలులో సగం మంది వాషర్లు కొట్టారు. అయ్యో, అలవాటు కదా! వరాలు కూడా వంగి పుస్తెలతోపాటే వాషరుని సీటు చేతికేసి కొట్టింది. కొట్టి పక్కకి తిరిగింది.

పైడిరాజు కొట్టలేదు. నోరు తెరుచుకుని తెరకేసి చూస్తున్నాడు. ఈ చప్పుడేమిటన్నట్టు ఒకసారి చుట్టూ చూసి, మళ్ళీ తెరలో పడిపోయాడు. అసలు అతని మెళ్ళో తాడే లేదు.

 ఫ్యాక్టరీలో పెద్ద క్రేను మీద కూర్చుని ఇరవై టన్నుల ఇనుము మీంచి చూపు తిప్పని వరాలు, విశ్రాంతిదాకా అతని మీంచి చూపు తిప్పలేదు. 

విశ్రాంతికి దీపాలు వెలిగేసరికి హాలు రెండుగా చీలిపోయింది. కుడి పక్క తొలిచూపు వాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. ఎడమ పక్క సంఘం వాళ్ళు చొక్కాలు చింపుకుంటున్నారు.

"ఇనుము ముట్టుకోనివాడు అయస్కాంతుడేట్రా! నగల షాపు మోడలు!" అని అరిచాడు ఎర్రినాయుడు, సంఘంలో అందరికన్నా పెద్ద గొంతున్నవాడు. "ఏవయ్యా ప్రెసిడెంటూ, నువ్వు చెప్పు! ఎలగుంది?"

పైడిరాజు లేచి నిలబడ్డాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి.

"అద్భుతంగా ఉంది," అన్నాడు. "నా జన్మలో ఇలాంటి సినిమా చూళ్ళేదు."

 నూరుమంది ఒక్కసారిగా మీద పడ్డారు. "అమ్ముడుపోయాడ్రా!" అన్నారు. "ఒట్టేయించినోడే ఒట్టు తప్పాడ్రా!" అన్నారు. ఎర్రినాయుడు తన వాషరు తెంపి పైడిరాజు కాళ్ళ దగ్గర విసిరికొట్టాడు. అది దొర్లుకుంటూ సీట్ల కిందకి పోయింది. వరాలు భర్త చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చింది.

"చేయించుకున్నావా?"

"చేయించుకున్నాను," అన్నాడు, తప్పు చేసిన పిల్లాడిలా. "కోప్పడకే. నాకు మళ్ళీ మొదటిసారి చూడాలనిపించింది. ఆ సంతోషం ఎలగుంటుందో మర్చిపోయాను. పోయింది ఒక్క సినిమాయే కదా? కథ మాత్రమే పోతుందని వాళ్ళే చెప్పారు."

"నాతో చెప్పకుండా? నన్నొదిలేసి, ఒక్కడివే?"

"చెబితే నువ్వు ఒప్పుకోవు."

అది నిజమే. ఒప్పుకునేది కాదు. వరాలు పైటలోంచి పుస్తెలు పైకి తీసింది. "ఇదేటి?" అంది.

పైడిరాజు వంగి చూశాడు. "వాషరు. అదే, నీకెన్నాళ్ళుగానో ఉంది కదా. మీ అమ్మ దిష్టికని గుచ్చిందేమో?"

"మన పెళ్ళి ఎవరు కుదిర్చారు, పైడీ?"

"అదేం ప్రశ్నే? మీ మావయ్య."

వరాలు గోడకి చేరబడింది. ఆమె మావయ్య ఆ పెళ్ళికి రాలేదు సరికదా, కొడవలి పట్టుకుని వీళ్ళ కోసం రెండు నెలలు వెతికాడు. చచ్చేదాకా గుమ్మం తొక్కనివ్వలేదు.

"పెళ్ళి ఫొటోలో మావయ్య ఎక్కడున్నాడు మరి?"

"ఫొటో తీసిందే ఆయన కదా," అన్నాడు పైడిరాజు. తడుముకోకుండా అన్నాడు. అబద్ధం చెబుతున్నవాడి మొహం కాదది. పోయినచోట మెదడు తనకి తోచింది పెట్టి పూడ్చేసుకుంది. ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళూ ఎలా జరుగుతాయో అతని పెళ్ళీ అలాగే జరిగిపోయింది.

రెండో సగానికి గంట మోగింది. "తర్వాత మాట్లాడుకుందాం, ఇప్పుడు వాడు ఓడలో ఇరుక్కుపోయాడు!" అని పైడిరాజు లోపలికి పరిగెత్తాడు. వరాలు, సినిమా వాళ్ళు ఊరికే చేయిస్తున్న మరపుశాలకి పరిగెత్తింది.

బల్ల వెనక అమ్మాయి మర్యాదస్తురాలు. పేరు కనుక్కుని, కంప్యూటరు తెర మీద కాగితం తీసింది.

"ఆయన పొద్దున్న ఏడున్నరకి వచ్చారండి. మామూలుగా ఒక సినిమా అంటే పది పన్నెండు దీపాలు వెలుగుతాయి. ఆయనకి నాలుగొందలు దాటాయి. మా వాళ్ళు రెండుసార్లు చూసుకున్నారు, టోపీ పాడైందేమోనని."

"ఆ నాలుగొందల్లో నేనున్నానమ్మా," అంది వరాలు. "నన్నెందుకు ఆర్పారు?"

"అందుకే ముందు ముడిపత్రం రాయించుకుంటామండి. ఈ జ్ఞాపకంతో ముడిపడ్డ మనుషులెవరో రాస్తే, వాళ్ళని విడదీసి పక్కన పెట్టాకే సినిమా తీస్తాం. విడదీతకి రెండు రోజులు పడుతుంది."

"రెండు రోజులా?"

"అవునండి. అది చెబితే ఆయన గడియారం చూసుకున్నారు. మొదటి ఆట పోతుందన్నారు." ఆ అమ్మాయి తెరని ఇటు తిప్పింది.

ముడిపడ్డ మనుషులు అన్న గీత మీద పైడిరాజు చేతిరాత. 'ఎవరూ లేరు' అని. కింద సంతకం, సున్నా చుట్టి గీత లాగిన అదే సంతకం.

ఒట్టు తప్పడాన్ని వరాలు ఎలాగో దిగమింగగలిగేది. ఈ రెండు మాటలు గొంతు దిగలేదు. గడియారం చూసుకుని, ఆట పోతుందని, ఆమె లేదని రాశాడు. రాసేటప్పుడు ఆమె ఎవరో అతనికి పూర్తిగా తెలుసు. నాలుగొందల దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

"తిరిగొస్తుందా?"

"రాదండి." అమ్మాయి నిజంగానే బాధపడింది. "మీరు కావాలంటే మీకు కూడా ఊరికే చేస్తామండి. ఇద్దరికీ సమానమైపోతుంది, బాధే ఉండదు. మీకూ మావయ్య గారే కుదిర్చినట్టు ఉంటుంది."

"నీకు దణ్ణం పెడతానమ్మా," అంది వరాలు. "ఆ టోపీ నా దగ్గరికి తేకు."

ఆమె ఇంటికొచ్చేసరికి పైడిరాజు కూడా వచ్చేశాడు. చొక్కా మీద ఎవరో కూల్‌డ్రింకు పోసిన మరక ఉంది. అయినా మొహం వెలిగిపోతోంది. క్లైమాక్సు గురించి ఏదో మొదలెట్టబోయాడు.

"ముందు నేను చెప్పింది విను," అంది వరాలు. ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. ఒకవేళ తెలుసుకుంటాడేమో, 'ఆ కుర్రాడు నువ్వే' అనకుండా చెబితే తనంతట తనే పోల్చుకుంటాడేమో అని ఆమె ఆశ.

"నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు మాట. వీరభద్ర దగ్గర ఆడవాళ్ళ లైన్లో నిలబడ్డాను. మగాళ్ళ లైను రోడ్డు దాటిపోయింది. ఒక గుంటడు కటకటాల్లోంచి చెయ్యి పెట్టి, 'ఏవండీ, నాకూ ఒకటి తీసిపెట్టండి' అన్నాడు. తీసిపెట్టాను. లోపల నా పక్క సీటే వచ్చింది. వాషర్లు కొట్టేటప్పుడు నా దగ్గర లేదని తన మెళ్ళోది తెంపి నా చేతిలో పెట్టాడు. అయస్కాంతుడి మాట వాడికి నోటికొచ్చు. 'నువ్వు రాకపోయినా నేను లాగుతాను' అని. అది నా చెవిలో చెప్పాడు. పళ్ళు రాలతాయని చెప్పాను. మర్నాడు మళ్ళీ ఆ లైన్లోకే వెళ్ళి నిలబడ్డాను. నలభై ఒక్కసార్లు, పైడీ. చివరి ఆటలో, విశ్రాంతి టైములో, మావాళ్ళని వదిలేసి వచ్చేస్తానని చెప్పాను. వాడు ఏడ్చాడు."

పైడిరాజు మొహంలో వెలుగు తగ్గుతూ వచ్చింది. 

"ఎవడాడు?" అన్నాడు.

"నువ్వే."

"నేనా?" నవ్వబోయి ఆగిపోయాడు. "అంత జరిగితే నాకు తెలీదేటే? మనల్ని మీ మావయ్య..."

"సంఘంలో ఎవర్నైనా అడుగు."

"వాళ్ళా? పొద్దున్నే నా మీద కూల్‌డ్రింకు పోశారు. సెక్రటరీవి, నువ్వెలా చెప్పమంటే అలా చెబుతారు." జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. మరపుశాల వాళ్ళిచ్చిన నకలు. వేలితో చూపించాడు. "చూడు. నా చేతిరాతే. అలాంటి మనిషివి నువ్వే అయితే నీ పేరు రాయనా? నీ దగ్గర దాస్తాననుకో. నా దగ్గర నేను దాచుకుంటానేటి?"

 ఆ కాగితం అబద్ధమని ఒప్పుకోగలిగిన మనిషి లోకంలో ఒక్కడే ఉండేవాడు. వాణ్ణి పొద్దున్న ఏడున్నరకి ఆర్పేశారు.

"ఇరవై ఎనిమిదేళ్ళు," అన్నాడు పైడిరాజు.  "వాడిచ్చింది నా పుస్తెల్లో గుచ్చుకుని తిరిగావా వరాలూ? నా పక్కనే కూర్చుని? నాకొక్క మాట చెప్పాలనిపించలేదా?"

అతను నిజంగా ఏడుస్తున్నాడు. నలభై ఒకటో ఆటలో ఎలా ఏడ్చాడో అలాగే, కింది పెదవిని పళ్ళతో బిగబట్టి ఏడుస్తున్నాడు. వరాలు చెయ్యి చాచబోయింది. అతను వెనక్కి జరిగాడు.

"ఇంకా ఉన్నాడా వాడు నీ మనసులో?"

ఆమె వాషరుని పిడికిట్లో బిగించి పట్టుకుంది. లేడంటే ఇల్లు నిలబడుతుంది. ఆ సంగతి ఆమెకి తెలుసు. కానీ 'లేరు' అనే మాట ఆ ఇంటి మనిషి ఒకరు ఆ పొద్దున్నే రాసేశారు.

"ఉన్నాడు," అంది.

పైడిరాజు కాగితాన్ని జాగ్రత్తగా మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నం అతను అన్నానికి లేవలేదు.