పాత కాటా దగ్గర ఎక్కినామె

కీసర దాటి నందిగామ వస్తుంటే ఎడంపక్కన లారీలు తూచే ఓ పాత కాటా ఉండేది. ఇప్పుడు లేదు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు తీసేసారు. నేను చెప్పేది అంతకుముందు సంగతి. రెండువేల తొమ్మిది, ఆ ప్రాంతంలో.

కాటా ఎప్పుడో మూతబడింది. ఇనప ప్లేటు సందుల్లో గడ్డి మొలిచింది. పక్కన గదికి పైకప్పు లేదు. పగలు మేకలు పడుకునేవి. చీకటిపడితే మేకలు కూడా ఉండేవి కాదు.

రాత్రిళ్ళు అక్కడ లారీ ఆపే మొగాడు లేడు. ఇది నాకెవరో చెప్పింది కాదు. నాకు నందిగామలో టైర్ల షాపు ఉండేది. కాటా దగ్గర పంచరైతే అక్కడ స్టెప్నీ మార్చుకోకుండా, ఆ గాల్లేని టైరుతోనే ఈడ్చుకుంటా వచ్చి నా షాపు ముందు ఆపేవాళ్ళు. టైరు పీలికలై ఉండేది. "అక్కడే మార్చుకోవచ్చుగా?" అంటే టైరు తొందరగా వెయ్యమనేవాళ్ళు.

కాటా నడిచే రోజుల్లో పున్నమ్మ అని ఒకామె ఉండేదంట. లారీల్లోంచి రాలిన వడ్లు, మినుములు ఊడ్చుకుని, చెరుక్కుని బతికేది. ఓ రాత్రి చీపురు పట్టుకుని ప్లేటు మీద వంగి ఉంటే... వెనక్కొచ్చిన లారీ ఒకటి మీదకెక్కేసింది. ఏ లారీయో తెలీదు. ఆపినవాడు లేడు.

అప్పట్నించి — అక్కడ బండి ఆగితే ఎవరో ఎక్కుతారని. ఖాళీ లారీ కూడా లోడు బండిలాగా మూలుగుతుందని.

సరే. ఏలీయా సంగతి చెప్తా.

ఏలీయా మా వీధివాడే. జగ్గయ్యపేటలో రాధాకృష్ణమూర్తిగారి సిమెంటు లారీ తోలేవాడు. పద్ధతైన మనిషి. బండి ఎక్కగానే స్టీరింగుకి నుదురానించి ప్రార్థన చేసుకుని గానీ తాళం తిప్పడు. రాధాకృష్ణమూర్తిగారు కూడా మంచాయనే. డ్రైవర్లని పేరు పెట్టి పిలిచి, "భోంచేసావా?" అని అడిగేవాడు. ఆయన కొడుకు సాయిప్రసాద్ హైదరాబాదులో చదువుకొచ్చి వ్యాపారం చేతిలోకి తీసుకున్నాకే మొదలైంది ఈ కెమెరాల గోల.

అద్దం దగ్గర ఓ కెమెరా. సీటు కింద ఓ డబ్బా. డబ్బాలో చిప్పు. ట్రిప్పు అయ్యాక చిప్పు తీసి ఆఫీసులో ఇవ్వాలి. కంప్యూటర్లో పెట్టి చూస్తారు. డీజిలు అమ్ముకుంటున్నాడా, మనుషుల్ని ఎక్కించుకుంటున్నాడా, నిద్రపోతున్నాడా, బండి ఎక్కడ ఆపుతున్నాడా... అన్నీ. క్లీనర్లని కూడా మానిపించేసారు. తోడు ఎందుకు, కెమెరా ఉందిగా అని!

ఓసారి గరికపాడు ధాబాలో ఈ మాటే నడిచింది. నేను అక్కడే ఉన్నా. కోదాడ వైపు డ్రైవరొకడు, "మంచిదే గదన్నా. యాక్సిడెంటైతే మన తప్పు లేదని చూపిస్తది" అన్నాడు.

రత్తయ్య అని ఆ లారీలే తోలే పాత డ్రైవరు, తినే రొట్టె పక్కన పెట్టేసాడు. "అది రోడ్డును చూస్తే చూపిస్తదిరా. రోడ్డుకి వీపు పెట్టి నన్ను చూస్తంది! నెలకి పాతిక రోజులు నేను తినేది అందులోనే, తొంగునేది అందులోనే. నీ పడకగదిలో పెట్టిచ్చుకుంటావా అట్టాంటిది?"

కోదాడ అతను రొట్టె రత్తయ్య వైపు జరిపాడు.

"రాత్రిళ్ళు ఎర్రగా ఓ చుక్క వెలుగుతా ఉంటది. గోక్కోవాలన్నా సిగ్గేస్తంది" అని రత్తయ్య చెయ్యి కడిగేసుకున్నాడు. రొట్టె అట్టాగే వదిలేసాడు.

దీనికంటే రోతగా ఉండేది ఆఫీసులో. గుమస్తా చిన్నబాబు ఆ చిప్పులు చూడ్డమే పనిగా పెట్టుకున్నాడు. నేను టైర్ల బిల్లు కోసం వెళ్తే, "రండి రండి, మా సినిమా చూద్దురుగాని" అని పిలిచాడు. తెర మీద ఏలీయా. స్టీరింగుకి నుదురానించి పెదాలు కదుపుతున్నాడు. చిన్నబాబు బల్లకి తలానించి వాడిలాగే పెదాలాడించాడు. పక్కనున్న ఇద్దరూ పగలబడి నవ్వారు. "ఇంకోటుంది చూడండి, రత్తయ్య లుంగీ..." అంటున్నాడు. బిల్లు సంగతి అడగనేలేదు. బయటికొచ్చి మెట్ల మీద ఉమ్మేసి వచ్చేసా.

ఆ వానాకాలం, ఓ రాత్రి.

బెజవాడలో సిమెంటు దించుతుండగా వాన పట్టుకుంది. బస్తాలు తడవకుండా పట్టా లాగీ లాగీ ఏలీయా నిలువునా తడిసిపోయాడు. ఖాళీ బండితో బయల్దేరాడు. ఒళ్ళంతా సిమెంటు నీళ్ళు, మంట. పళ్ళు టకటకలాడుతున్నాయి. సంచిలో పొడి లుంగీ ఉంది. కెమెరా లేని రోజుల్లో అయితే బండి పక్కకి తీసి, సీట్లోనే మార్చేసుకునేవాడు.

చెయ్యి సంచి మీదకి పోయింది... ఎర్ర చుక్క కనపడింది. చిన్నబాబు నవ్వు గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు.

ధాబాల దగ్గర ఆపుదామంటే లైట్లు, జనం. ఎందుకాగావని మళ్ళీ సాయిప్రసాద్ ఆరా. కీసర దాటాడు. చలి ఎముకల్లోకి దిగింది. స్టీరింగు మీద వేళ్ళు నిలవడం లేదు.

ఎక్కడా మనిషి ఉండకూడదు. వెలుగు ఉండకూడదు. అట్టాంటి చోటు ఆ రోడ్డు మీద ఒక్కటే ఉంది.

"తెలిసే ఆపానన్నా" అన్నాడు నాతో. "దెయ్యం చూస్తే చూసిందిలే, ఆ వెధవలు చూడకుండా ఉంటే చాలనుకున్నా."

కాటా పక్కన ఆపాడు. ఇంజను ఆపలేదు. లైట్లు మాత్రం తీసేసాడు. పొడి లుంగీ పట్టుకుని దిగి, బండి వెనక్కెళ్ళాడు.

వాన వెలిసింది. గాలి లేదు. తడి చొక్కా ఒంటికి అతుక్కుపోయి రావడంలేదు. లాగి పారేసాడు. లుంగీ చుట్టుకుంటున్నాడు... ఏదో చప్పుడు.

సర్...

ఆగాడు.

సర్... సర్...

ఇనప ప్లేటు మీద చీపురు. నిదానంగా. ఒక పక్కనించి ఇంకో పక్కకి. ఊడ్చి, పోగుచేసి... మళ్ళీ ఊడ్చి...

గాలికి కొమ్మేదైనా రాసుకుంటుందేమో అనుకుందామంటే — గాలే లేదు. చెట్టూ లేదు.

"ఎవరది?" అన్నాడు.

చీపురు ఆగిపోయింది.

అంతే, లుంగీ ముడి చేత్తో పట్టుకుని పరిగెత్తాడు. ఎగిరి సీట్లో పడి తలుపేసుకున్నాడు. అప్పుడు చూసాడు... అవతలి తలుపు. ఎడంపక్కది. బార్లా తెరిచి ఉంది.

తను తియ్యలేదది.

బయట చీకటి. వంగి, కళ్ళు మూసుకుని చెయ్యి చాపి, ఆ తలుపు లాగి గట్టిగా వేసేసాడు. యేసయ్యా యేసయ్యా అనుకుంటా గేరు వేసాడు.

బండి కదల్లేదు.

ఇంకా తొక్కాడు. ఇంజను మూలిగింది. గొలుసులేసి ఎవరో వెనక్కి పట్టుకున్నట్టు... మెల్లగా, మెల్లగా కదిలింది. ఖాళీ బండి! ఒక్క బస్తా లేదు. నిండా లోడేసుకుని ఘాట్ రోడ్డు ఎక్కుతున్నట్టు ఈడుస్తోంది.

ఎడంపక్కకి తల తిప్పలేదు ఏలీయా. తిప్పితే ఏం కనపడుతుందోనని. ముక్కుకి ఒక వాసన మాత్రం తగులుతోంది — తడిసి మొలకెత్తిన వడ్ల వాసన. కాసేపటికి ధైర్యం చేసి ఓరగా చూసాడు. ఏమీ లేదు. ఉత్త సీటు.

ఊపిరి పీల్చుకున్నాడు. నోరెండిపోయుంటే నీళ్ళు తాగాడు. అయినా బరువు తగ్గలేదు. నందిగామ లైట్లు కనపడి, టీ బంకు దగ్గర ఆపి దిగాక, ఓ గ్లాసు టీ తాగి మళ్ళీ ఎక్కితే... బండి దూదిలాగా పోయిందంట.

ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. చిప్పు మటుకు ఆఫీసులో ఇచ్చేసాడు. ఇవ్వకపోతే ఊరుకోరుగా.

రెండ్రోజులాగి సాయిప్రసాద్ దగ్గర్నుంచి ఫోను. ఏలీయాకి కాదు. వాడి భార్య పుష్పవతికి.

"ఏమ్మా, ఓసారి ఆఫీసుకి రండి. మీ ఆయన సంగతి మీరు చూస్తే మంచిది."

ఇక్కణ్ణించి నాకు చెప్పింది పుష్పవతే.

ఆమె వెళ్ళేసరికి ఏలీయా అప్పటికే అక్కడున్నాడు, గోడవార, తల దించుకుని. రాధాకృష్ణమూర్తిగారు తన కుర్చీలో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. కంప్యూటర్ చుట్టూ నలుగురైదుగురు. ఆ మొహాల మీద నవ్వు ఆపుకుంటున్న కులుకు... "కుళ్ళిన గుడ్డు పగిలినట్టుందన్నా ఆ గదిలో" అంది నాతో.

"వద్దురా ప్రసాదూ, ఆడకూతుర్ని పిలిచి..." అన్నాడు పెద్దాయన.

"తెలియాలి కదా నాన్నా" అని సాయిప్రసాద్ చిన్నబాబుకి సైగ చేసాడు.

బొమ్మ కదిలింది. రాత్రి తీసింది కదా, రంగుల్లేవు, అంతా బూడిదరంగు. సీట్లో ఏలీయా, చొక్కా లేకుండా, ఉత్త లుంగీతో. పక్క సీట్లో... ఒకామె.

పైట తల మీదుగా కప్పుకుంది. తల వంచుకుని కూర్చుంది. బండి కుదుపుకి ఏలీయా ఊగుతున్నాడు.

"పాత కాటా దగ్గర ఎక్కించుకున్నాడమ్మా" అన్నాడు చిన్నబాబు తియ్యగా. "చీకట్లో బండాపి, దిగి, బట్టలిప్పుకుని వచ్చాడు చూసారా? ఉండండి, మళ్ళీ వేస్తా."

మళ్ళీ వేసాడు. వెనకాల ఎవడో దగ్గినట్టు నవ్వాడు.

"నాకు తెలీదు బాబూ" అన్నాడు ఏలీయా. "నా బిడ్డలమీద ఒట్టు. బండిలో ఎవరూ లేరు. పుష్పా, ఎవరూ లేరే..."

"మరి ఇదెవరు? మీ అమ్మమ్మా?" అన్నాడు సాయిప్రసాద్.

పుష్పవతి తెర వంక చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత పైట భుజం చుట్టూ లాక్కుని —

"నేనేనండి" అంది.

గదిలో నవ్వు టక్కున ఆగిపోయింది.

"కీసరలో మా అక్కయ్య ఇంటికెళ్ళి వస్తా ఎక్కా. వానలో తడిసిపోయి ఉంటే ఆయన చొక్కా తీసేసాడు. మొగుడు చొక్కా విప్పితే పెళ్ళాన్ని పిలిపించి చూపిస్తారాండి మీరు? రోజూ ఇదేనా మీ పని?"

చిన్నబాబు తెర ఆపేసాడు. సాయిప్రసాద్ చెవులు ఎర్రబడ్డాయి. బండిలో మనుషుల్ని ఎక్కించకూడదని తెలీదా అని ఏదో గొణిగాడు. రాధాకృష్ణమూర్తిగారు లేచి, ఆమె మొహం చూడలేక, "వెళ్ళిరామ్మా, వెళ్ళిరా" అన్నాడు.

ఏలీయా జేబులోంచి లారీ తాళం తీసి బల్ల మీద పెట్టాడు. మళ్ళీ ఆ గుమ్మం ఎక్కలేదు.

ఇద్దరూ బస్టాండు వైపు నడిచారు. చిల్లకల్లు రోడ్డు మలుపులో ఏలీయా ఆగిపోయాడు. కళ్ళనిండా నీళ్ళు.

"నువ్వు కీసర వెళ్ళలేదుగా. ఎందుకట్టా చెప్పావ్? నన్ను నమ్మావా... లేక పరువు కోసమా?"

"నమ్మా" అంది పుష్పవతి.

"తెరమీద ఆడమనిషి కనపడుతుంటే ఎట్టా నమ్మావే?"

పుష్పవతి చుట్టూ చూసింది. దగ్గరికి జరిగి, ఏలీయా ఎడంచెయ్యి పట్టుకుంది. అరచేతినించి మోచెయ్యి దాకా తడిమి తడిమి చూసింది... ఏదన్నా అంటుకుందేమోనని చూసినట్టు.

"దార్లో నువ్వు నీళ్ళు తాగావు, గుర్తుందా? సీసా పక్క సీట్లో ఉంది."

"ఆఁ... అయితే?"

"ఆమె ఆ సీట్లోనే కూర్చుని ఉంది." పుష్పవతి గొంతు బాగా తగ్గిపోయింది. "నీ చెయ్యి ఆమె కడుపులోంచి అవతలికెళ్ళి, సీసా పట్టుకుని, మళ్ళీ కడుపులోంచే ఇవతలికొచ్చింది. ఆమె కదల్లేదు. నీకు తెలీలేదు. ఆ వెధవలు అన్నిసార్లు తిప్పి తిప్పి చూసారు కదయ్యా... ఒక్కడికీ నీ చెయ్యి కనపళ్ళేదు."