ఆ ఇంట్లో ఎవరూ అనని మాట

శాంతమ్మ మూడో జొన్నరొట్టె తట్టి పెనం మీద వేసేసరికి, ఎమ్మిగనూరు బాట నుంచి కూతురు దేవక్క పరిగెత్తుకుంటూ వచ్చింది. పెద్దకడుబూరులో కోడి కూతకు లేచేవాళ్ళు ఉంటే ఉండొచ్చు గానీ, ఆ వీధి వాళ్ళు మాత్రం దేవక్క కాళ్ళ చప్పుడుకే లేస్తారు. మొదట్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్విన ఆడవాళ్ళే, ఇప్పుడు చప్పుడు వినబడని రోజు వచ్చి పాపకు ఒళ్ళు బాగలేదా అని అడిగి పోతున్నారు.

"కాళ్ళు కడుక్కోని రా మే. రొట్టె సల్లారిపోతాంది," అంది శాంతమ్మ పొయ్యిలోకి పత్తికట్టె ఎగదోస్తూ.

"ఉప్పు యాడ పెట్టినావు మా?"

"కర్నూలు కప్పులో ఉండాది సూడు."

దేవక్క గెలిచి తెచ్చిన కప్పులు ఆ ఇంట్లో ఊరికే కూర్చోలేదు. కర్నూలు కప్పులో ఉప్పు, హైదరాబాదు కప్పులో చింతపండు. కప్పుల్ని రోజూ బూడిదతో మెరిసేలా తోమే శాంతమ్మ, కూతురి పరుగు పందెం మాత్రం ఒక్కసారీ చూడలేదు. చూస్తే తన గుండె ఆగిపోతుందని ఆమె భయం. ఎందుకని ఎవరూ అడగలేదు. అందరికీ తెలిసిందే కాబట్టి.

దీపం ఆరిపోయింది అనకూడదని, కొండెక్కింది అంటారు కదా మన ఇళ్ళలో. శాంతమ్మ భర్త గిడ్డయ్య ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో కూలి చేసేవాడు. దూది దుమ్ము పీల్చి పీల్చి చివరికి వాకిలి దాటడానికే రెండుసార్లు కూలబడేవాడు. ఆస్పత్రిలో ఊపిరి అందక పోయినాడు. కబురు తెచ్చిన మనిషికి చావు మాట నోట రాలేదు. గడపలో నిలబడి, "మీ ఇంటి దీపం కొండెక్కిందమ్మా" అన్నాడు. శాంతమ్మ లోపలికి పోయి దేవుడి గూట్లోకి చూసింది. మళ్ళీ బయటికి వచ్చి, "లేదప్పా, ఎలుగుతానే ఉండాది" అని చెప్పింది.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఆ మాట లేదు. దీపం ఆరితే 'నూనె అయిపోయింది' అంటారు. నూనె నిండా ఉన్నా సరే అలాగే అంటారు.

అది తెలియని ఇశ్రాయేలు ఆ పొద్దున్నే ఎమ్మిగనూరు నుంచి మొదటి బస్సుకు దిగాడు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు. దేవక్కను పరుగులో పెట్టింది ఆయనే. మనిషి మంచివాడే గానీ, సంతోషం వస్తే కడుపులో దాచుకోలేడు. చెప్పులైనా విప్పకుండా చెప్పేశాడు.

"శాంతమ్మక్కా, మన దేవక్క కొండెక్కుతాందక్కా."

రొట్టె తిప్పుతున్న శాంతమ్మ చెయ్యి పెనం మీదే ఆగిపోయింది. ఎద్దులకు నీళ్ళు పెడుతున్న కొడుకు గోవిందన్న కడవ దించేసి చెల్లెలి వైపు చూశాడు. దేవక్క తల వంచుకుంది.

"నీలగిరి కొండల మీద క్యాంపు," అని ఇశ్రాయేలు ఉత్సాహంగా కొనసాగించాడు. "ఢిల్లీలో ఆసియా ఆటలు ఉండాయి గదా. ఆటికి పోయేటోళ్ళను ఆడ తయారు సేస్తారు. అంత ఎత్తులో గాలి పల్చగా ఉంటాది. కొన్నాళ్ళు ఆడ పరిగెత్తితే ఒంట్లో రగతం పెరుగుతాది. ఆమైన కిందికి దిగితే ఆయాసమే ఉండదు."

"పల్చగా అంటే ఏంది సారూ?"

"సాలీ సాలకుండా ఉంటాది అనుకో అక్కా."

"మా ఆయన పోయింది గాలి సాలకనే," అంది శాంతమ్మ మెల్లగా. "గాలి సాలని సోటు ఎతుక్కోని పోతారా ఎవురైనా?"

ఇశ్రాయేలుకు అప్పుడు తెలిసింది తన నోట ఏం వచ్చిందో. ముందు పెట్టిన రొట్టె ముట్టుకోలేకపోయాడు. సోమవారానికల్లా వచ్చేదీ రానిదీ చెప్పమని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి దేవక్క అంది. "నేను పోతానమ్మా. ఇంత దూరం వచ్చి ఇప్పుడు ఆగలేను."

"పో. నన్ను మీ నాయన పక్కన పండబెట్టి పో."

"అమ్మా, ఇంక సాలు." గోవిందన్న గొంతు ఎప్పుడూ అంత పైకి లేవలేదు. "నాయన పోయినప్పట్నుంచి ఈ ఇంట్లో అందరమూ ఊపిరి బిగబట్టుకోనే బతుకుతాండాము. నన్ను ఆదోనిలో పనికి పోనియ్యలేదు. దాన్ని కొండకు పోనియ్యవు. నీకాడ మాత్రం గాలి ఆడుతాందా మాకు?"

అన్నాక తానే భయపడి ఎద్దుల దగ్గరికి పోయాడు. శాంతమ్మ ఏడవలేదు. మాడిన రొట్టె తీసి పక్కన పెట్టింది. ఆ తర్వాత అంది.

"శనివారం ఆదోనికి పోదాం. రణమండల కొండ కింద దీపం ముట్టించుకోని నేను ఎక్కుతా. పైన ఆంజనేయసామి ముందర పెట్టేదాకా నిలిస్తే నువ్వు పో. మధ్యలో నూనె అయిపోతే మాత్రం ఈ మాట మళ్ళీ ఎత్తగూడదు."

"ఆషాఢం గాలమ్మా," అన్నాడు గోవిందన్న కొట్టంలోంచే. "ఇంటి మీద రేకులే లేస్తాండాయి."

"అది సామి సూసుకుంటాడు."

దేవుడి మీద భారం వేసినట్టే వేసి, పని గాలికి అప్పజెప్పింది శాంతమ్మ. అది దేవక్కకూ తెలుసు. అయినా సరేనంది.

శనివారం కొండ కింద ప్రమిద వెలిగించేసరికే మూడు అగ్గిపుల్లలు పోయాయి. గోవిందన్న నూనె సీసా పట్టుకుని వెనక నడిచాడు. నాలుగు మెట్లు ఎక్కారో లేదో గాలి మీదికి వచ్చింది. దేవక్క గబుక్కున తల్లి ముందుకు వచ్చి, గాలికి వీపు పెట్టి, ఓణీ రెండు చేతులా చాపి పట్టుకుంది. అలాగే తల్లిని చూస్తూ వెనక్కి వెనక్కి మెట్లు ఎక్కసాగింది.

"పడతావు మే. తిరిగి నడు."

"పడనులే మా. నువ్వు దీపం సూస్కో."

శాంతమ్మ ఆయాసంతో ఆగినప్పుడల్లా దేవక్కా ఆగింది. ఆమె కదిలితే తానూ కదిలింది. దీపానికి అడ్డం పెట్టిన అరచెయ్యి తల్లి తీసేస్తే చాలు, ఆ ఇంట్లో ఇక కొండ గొడవ ఉండదు. శాంతమ్మకు ఆ సంగతి ప్రతి మెట్టు మీదా గుర్తొచ్చింది. కానీ చెయ్యి తీయబుద్ధి కాలేదు. మంట తగిలి అరచెయ్యి చురుక్కుమన్నా ఇంకా దగ్గరికి పెట్టింది. ఆరిపోవాలని బయల్దేరిన మనిషి, ఆరొద్దు తండ్రీ ఆరొద్దు అని మొక్కుకుంటూ ఎక్కుతోంది. ఎప్పటి నుంచి అలా మొక్కుకుంటోందో ఆమెకే తెలియదు.

గుడి కనబడుతున్న మలుపులో గాలి పక్క నుంచి కొట్టింది. సన్నగా పొగ లేచింది.

దేవక్క ప్రమిదను చూసి, తల్లి ముఖం చూసి, ఓణీ దించింది.

"సరేలేమ్మా. పోను. నువ్వు కూసో, శానా ఆయాసపడతాండావు."

శాంతమ్మ మెట్టు మీద కూలబడింది. ఆమె రొమ్ము ఎగసిపడుతోంది. రెండు మెట్ల కింద గోవిందన్న మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నాడు. కొండంతా వెనక్కి ఎక్కిన ఈ పిల్ల మాత్రం ఇంట్లో అరుగు మీద నిలబడినట్టు నిలబడింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి గానీ గొంతులో ఆయాసం లేదు.

శాంతమ్మ చెయ్యి చాపి కూతురిని దగ్గరికి లాక్కుంది. అరచెయ్యి ఆ పిల్ల రొమ్ము మీద పెట్టింది. గిడ్డయ్యకు అక్కడే చెయ్యి పెట్టి రాత్రులు కూర్చునేది. అప్పుడు ఆ చేతి కింద గురగుర తప్ప ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు ఊపిరి నిదానంగా లోపలికి పోయి, నిదానంగా బయటికి వస్తోంది. ఆమె చెయ్యి తీయలేదు.

"దీపం ఏమైంది మే?"

"నూనె అయిపోయిందిలేమ్మా," అన్నాడు గోవిందన్న, చేతిలో నిండు సీసా పట్టుకుని.

"నూనె అయిపోలేదు. ఆరిపోయింది."

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"ఆరిపోయిందిరా గోవిందా. మీ నాయన గూడా కొండెక్కలేదు. సచ్చిపోయినాడు." అప్పుడు ఏడ్చింది శాంతమ్మ, ఇన్నేళ్ళకు నోరారా. ఏడుస్తూనే కూతురి గడ్డం పట్టుకుంది. "కొండెక్కింది ఇదిగో, నా బిడ్డ."

దేవక్క తల్లి ఒడిలో ముఖం దాచుకుంది. గోవిందన్న కళ్ళు తుడుచుకుని, అనుమానంగా గుడి వైపు చూశాడు.

"మరి మొక్కు ఎట్లమ్మా? దీపం నిలిస్తేనే అంటివే."

"సామికి నేను సెప్పుకుంటాలే. ఆయన గాలిదేవుడి కొడుకు. దీపం ఆర్పింది ఆయన నాయనే గదా, ఆయనకు తెలీదా?" శాంతమ్మ కొంగుతో కూతురి ముఖం తుడిచింది. "ఆడ సలి ఉంటాదంట. మీ నాయన కంబళి పెట్టెలో ఉండాది, ఎత్తుకపో. సోమవారం ఎమ్మిగనూరికి నేనూ వస్తా. సారు ఆ పొద్దు రొట్టె తినకుండానే పాయె. ఆయనకు రొట్టె పెట్టి, మా దేవక్క కొండెక్కుతాదని నేనే సెప్తా."

గోవిందన్న ప్రమిదలో నూనె పోసి అగ్గిపుల్ల గీశాడు. ఈసారి ముగ్గురూ గాలికి అడ్డం నిలబడ్డారు.