దారం చుట్టిన బ్రష్

ఆ పొద్దున ఆకాశం నీళ్ళెక్కువ కలిపిన సున్నంలా ఉంది. ఒకచోట మందంగా, ఒకచోట పలచగా. తొమ్మిదింటికల్లా కారడం మొదలుపెట్టింది. పళ్ళ ఆసుపత్రి బయటి గోడకు రంగు వేస్తున్న పెయింటర్ నిచ్చెన దించి వసారాలోకి జరిగాడు. జరిగి, వానకు మనసులోనే దండం పెట్టుకున్నాడు. ఎందుకంటే లోపల అసిస్టెంటుగా పనిచేసే అమ్మాయి అదే వసారాలో నిలబడి ఉడకబెట్టిన మొక్కజొన్న కండె తింటోంది.

నాలుగు రోజులుగా ఆ అమ్మాయి ఎదురైతే చాలు, అతను మూతి బిగించేసుకుంటున్నాడు.

"పెయింటర్ గారూ, పెదాలక్కూడా ప్రైమర్ కొట్టారా? అతుక్కుపోయాయి."

అని, కండెను సగానికి విరిచి ఇచ్చింది. ఇచ్చింది ఎవరో చూసుకున్నాడు గాని ఏమిటో చూసుకోలేదు. కొరికాడు. గింజల మీద ఎర్రటి చార పడింది. గబుక్కున కండెను తిప్పి పట్టుకున్నాడు. రోజుకు ముప్పై నోళ్ళు చూసే మనిషి దగ్గరా దాపరికం!

"రక్తం," అంది.

"గట్టిగా తోముతానండీ, అందుకు."

"దేంతో?"

"హార్డ్ బ్రష్. షాపులో అన్నిట్లోకీ గట్టిది అడిగి మరీ కొన్నాను. రోజుకి మూడుసార్లు, చెయ్యి లాగేదాకా."

"మూడోసారి ఎప్పుడు?"

"మీరు డ్యూటీకి వచ్చే ముందు."

నోరు జారింది. అమ్మాయి సిగ్గుపడుతుందేమోనని చూశాడు. ఆమె నింపాదిగా ఇంకో నాలుగు గింజలు నమిలింది.

"అంటే నా కోసం చిగుళ్ళు చెక్కుకుంటున్నారన్నమాట. ఇంకో నెల ప్రేమించండి, పళ్ళు చేతికొస్తాయి."

లోపలికి వెళ్ళి ఒక బ్రష్ తెచ్చింది. పిడి మీద గోళ్ళరంగుతో చుక్క పెట్టింది.

"చిన్న తల, మెత్తటి కుచ్చు. వెనక పళ్ళదాకా పోతుంది. చిగుళ్ళ అంచుకి ఏటవాలుగా పెట్టి చిన్న చిన్న సున్నాలు చుట్టండి. రెండు పూటలా, రెండేసి నిమిషాలు. మూడు నెలలకి ఇదే పట్టుకురండి. కుచ్చు తిన్నగా ఉంటే మా నాన్నతో మాట్లాడతాను."

"దేని గురించండీ?"

"గోడ గురించి మాత్రం కాదు."

అతనికి ఆ మెత్తటి కుచ్చు మీద నమ్మకం కుదరలేదు. దీంతో పిల్లి మీసం కూడా దువ్వలేం అనుకున్నాడు. పాత పద్ధతిలోనే భుజబలం చూపించాడు. రెండో వారానికి కుచ్చు నాలుగు వైపులా విచ్చుకుని, ఎవరో తొక్కిన గడ్డిదుబ్బులా తయారైంది. కొత్తది కొందామంటే పిడి మీద చుక్క ఉందాయె.

అప్పుడతని వృత్తి అతనికి సాయం వచ్చింది. చెడిన గోడ బ్రష్‌ను బాగుచేసినట్టే దీన్నీ వేడినీళ్ళలో ముంచి, దువ్వి, పనిసంచిలోంచి కాగితం తీసి చుట్టి, దారంతో బిగించి వేలాడదీశాడు. తెల్లారేసరికి కుచ్చు సైనికుడిలా నిలబడింది. ఇక భయమేముంది? వారమంతా రుద్దడం, ఆదివారం దారం చుట్టడం.

మూడు నెలలయ్యాయి. బ్రష్ తెచ్చి ఆమె చేతిలో పెట్టి, మూసిన నోటితోనే నవ్వాడు.

"కొత్తదానికన్నా బాగుంది," అంది అమ్మాయి. ముక్కు దగ్గర పెట్టుకుంది. "టర్పెంటైన్ వాసన. కుచ్చు నడుమ ఈ గీత ఏంటి? దారం చుట్టారా?"

"ఆదివారం ఆదివారం."

"భేష్. చిగుళ్ళక్కూడా చుట్టేయండి. పళ్ళు ఊడితే సందుల్లో పుట్టీ పెట్టుకోవచ్చు."

బ్రష్ చెత్తబుట్టలో పడింది. ఆమె ముఖంలో ఇప్పుడు వేళాకోళం లేదు.

"చిగుళ్ళు బాలేకపోతే డాక్టరు గారున్నారు. నాతో అబద్ధమాడితే ఎవరున్నారు? ఇవాళ బ్రష్‌కి చుట్టిన మనిషి రేపు ఇంట్లో దేనికి చుడతాడో!"

వెనక్కి తిరిగింది. ఇంకో రెండడుగులు వేస్తే తలుపు మూసుకుంటుంది. ఆ తలుపుకు రంగు వేసింది తనే. అది ఎంత మెత్తగా, ఎంత గట్టిగా పడుతుందో అతనికి తెలుసు.

"నమ్మలేదండీ," అన్నాడు. "గట్టిగా రుద్దకపోతే మురికి పోదనుకున్నాను. నా నోరు చూస్తే మీరు వద్దంటారని భయపడ్డాను. చూడండి."

నోరు తెరిచాడు. ఆమె ముందు అతను పూర్తిగా నోరు తెరవడం అదే మొదటిసారి. వాచిన చిగుళ్ళు, వాటిమీద గీతలు. ప్రేమిస్తున్నానని చెప్పడం ఇంతకన్నా చాలా తేలిక.

ఆమె ఆగింది. టార్చి వేసి చూసింది. చాలాసేపే చూసింది.

"గోడకి చివరి కోటు ఎంత నొక్కి వేస్తారు?"

"నొక్కితే గీతలు పడవూ? వేళ్ళ కొసలతో పట్టుకోవాలి. చేతి బరువు కూడా పడ..." ఆగిపోయాడు.

"ఆసుపత్రి గోడ మీదున్న జాలి మీ నోటి మీద లేదు," అంది. "రేపు డాక్టరు గారి చేత క్లీన్ చేయించుకోండి. ఇదిగో ఇంకో బ్రష్. దీనికి చుక్క పెట్టడం లేదు. విచ్చుకుంటే తెచ్చి చూపించు, మారుద్దాం. దారం జోలికి మాత్రం వెళ్ళకు."

'మీరు' ఎక్కడ జారిపోయిందో అతను వెతకలేదు. మూడు వారాలకు చెడిన బ్రష్ ఒకటి దాచకుండా తెచ్చి చూపించాడు, చీవాట్లు తిన్నాడు. ఆ తరవాతి దాన్ని రెండు నెలలు పైగా వాడినా కుచ్చు చెదరలేదు.

అప్పుడు ఇంటికి రమ్మంది. వాళ్ళ నాన్న దర్జీ. మనిషి ముఖం కన్నా ముందు చొక్కా కుట్టు చూసే రకం. "నాన్న ఏమీ అడగరు. చూస్తారంతే. కథంతా చెప్పేశాను," అంది అమ్మాయి గుమ్మంలోనే.

బయట వాన. బల్ల మీద మూడు పళ్ళేలు, గిన్నెనిండా ఉడకబెట్టిన మొక్కజొన్న కండెలు. పెయింటర్ ఒకటి తీసుకుని ఈ చివర నుంచి ఆ చివరదాకా కొరికాడు. తిప్పి దాచలేదు. కొరికిన వైపు పైకి ఉండేలా పళ్ళెంలో పెట్టాడు.

దర్జీ కళ్ళజోడు సవరించుకుని, తిరగేసిన చొక్కా కుట్టు చూసినట్టు వంగి చూశాడు. పసుపు తప్ప ఇంకో రంగు లేదు.

గిన్నెలోంచి అన్నిట్లోకీ పెద్ద కండె తీసి అతని పళ్ళెంలో వేశాడు.

ముగ్గురూ తలలు వంచుకుని గింజ మిగల్చకుండా తిన్నారు.