ఖాళీగా రాని డబ్బా

తాండూరులో రాత్రి కురిసిన వానకు వాకిట్లో పరిచిన బండలు ఇంకా తడిగానే ఉన్నాయి. తెల్లవారకముందే లేచిన హన్మమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు చేస్తోంది. పిండి మీద ఆమె అరచేతులు పడే చప్పుడు ఇల్లంతా వినిపిస్తోంది. కోడలు నిరోష వికారాబాద్‌లోని పుట్టింటికి పోయివస్తానన్న ప్రతిసారీ ఆమె ఇలాగే చేస్తుంది. వియ్యపురాలి ఇంటికి ఉత్తచేతులతో మనిషిని పంపడం ఆమెకు తెలియదు.

చల్లారిన రొట్టెలను తెల్లబట్టలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టింది. పక్కన ఒక చిన్న గిన్నెలో వెల్లుల్లి వేసి నూరిన పుంటికూర తొక్కు, కాగితంలో నువ్వుల పొడి సర్దింది.

"మీ అమ్మకు చెప్పు, తొక్కుల ఎల్లిగడ్డ జర ఎక్కువేసిన అని. పోయినసారి తిని ఏమన్నది?"

"బాగుందన్నది అత్తమ్మా," అంది నిరోష తల ఎత్తకుండా, సంచి తాళ్లు ముడివేస్తూ.

కరణ్‌కోట ఫ్యాక్టరీ బస్సు కోసం బూట్లు తొడుక్కుంటున్న చంద్రకాంత్ నవ్వాడు. తల్లి మీద ఫిర్యాదులు చెప్పడానికే భార్య నెలనెలా పుట్టింటికి పోతోందేమో అన్నాడు.

"చెప్పనీ," అంది హన్మమ్మ. "నా రొట్టెలు తినుకుంటనే చెప్తది గద. గంత గట్టిగ ఏం చెప్పది."

ఆ ఇంట్లో ఇంకో పద్ధతి ఉంది. పోయిన డబ్బా ఖాళీగా తిరిగి రాకూడదు. ఏమీ లేకపోతే ఇంత చక్కెర అయినా వేసి ఇవ్వాలి. నిరోష తెచ్చే డబ్బా ఎప్పుడూ ఖాళీగా రాలేదు. అందులో ఉస్మానియా బిస్కట్లు వచ్చేవి. వియ్యపురాలు పంపిందని హన్మమ్మ వాటిని దాచుకుని, రోజుకొకటి చాయ్‌లో ముంచుకుని తినేది.

స్టేషన్‌లో పక్కింటి జబీన్ అప్పటికే రెండు టికెట్లు తీసుకుని నిలబడి ఉంది. రెండూ హైదరాబాద్‌కే.

రైలు ధారూరు దాటి వికారాబాద్ చేరేసరికి నిరోష ఎప్పటిలాగే ప్లాట్‌ఫారం లేని వైపు కిటికీ దగ్గరికి జరిగింది. అక్కడ కనిపించేవి పట్టాలు, వాటి అవతల గడ్డి. తల్లి రాధమ్మ ఇల్లు స్టేషన్‌కు దగ్గరే. రైలు కూత ఆ ఇంట్లోకి వినిపిస్తుంది. బండి కదిలేదాకా నిరోష అటే చూస్తూ కూర్చుంది. జబీన్‌కు ఇది అలవాటైపోయింది.

నగరంలో దిగాక మాత్రం నిరోష నడకే మారిపోతుంది. నాంపల్లి దగ్గరి గల్లీలో ఒక పాత ఇరానీ హోటల్ ఉంది. దాంట్లో ఆడవాళ్లు కూర్చోవడానికి తెర వేసిన గది, పాలరాతి బల్ల, కాళ్లు కొంచెం ఊగే కుర్చీలు. చాయ్ వస్తుంది. తాగినా తాగకపోయినా ఎవరూ తొందరపెట్టరు. స్నేహితురాళ్లిద్దరూ సంచుల్లోంచి అల్లిక సూదులు తీసి, గోడకు ఆనుకుని, గంటసేపు అల్లుకుంటూ కూర్చుంటారు. మాట్లాడుకున్నా సరే, మాట్లాడుకోకపోయినా సరే.

తర్వాత సుల్తాన్ బజార్ వెనుక రజియా నడిపే ఊలు దుకాణం. నేల నుంచి కప్పు దాకా అరల్లో రంగులు. కొనకపోయినా ముట్టుకోనిస్తుంది. చేయి తప్పిన చోట విప్పించి, మళ్లీ అల్లించి చూపిస్తుంది. మొదటిసారి దుకాణంలో కూర్చుని నిరోష డబ్బా తెరిచినప్పుడు రజియాకూ ఒక రొట్టె ఇచ్చింది. అప్పటి నుంచి ఆ రొట్టెల కోసం రజియా మధ్యాహ్నం అన్నం వండుకోవడమే మానేసింది, నిరోష వచ్చే రోజున.

ఆ రోజు కూడా తొక్కు గిన్నె తుడిచి, కడిగి, డబ్బాలో ఒక ఊలు ఉండ పెట్టింది. పండిన సీతాఫలం పైతోలు లాంటి ఆకుపచ్చ.

"గిది నీకు కాదు. రొట్టెలు చేసినామెకు," అంది రజియా. "నేనిచ్చేవి ఆమెకు ముడుతున్నయా?"

ముడుతున్నాయని నిరోష తల ఊపింది. హోటల్ దగ్గర బిస్కట్లు కొని డబ్బాలో పోసింది. ఊలును తీసి సంచి అడుగున పెట్టింది. ఇంటికి పోయాక అది బీరువా కింది అరలో, అంతకుముందు వచ్చిన ఉండల పక్కకు చేరాలి. తనది కాని ఊలుతో అల్లడానికి ఆమెకు చేయి రాలేదు. ఎక్కడిదని చెప్పి అత్తకివ్వడానికి నోరు రాలేదు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి హన్మమ్మ గడప మీద కూర్చుని ఉంది. లేవలేదు. చేయి చాచి డబ్బా తీసుకుంది.

"మీ అమ్మ ఎట్లున్నది?"

"మంచిగుంది అత్తమ్మా. గీ బిస్కట్లు పంపింది."

హన్మమ్మ మూత తీసి లోపలికి చూసింది. మళ్లీ మూత పెట్టింది. ఆమె వెనక, తలుపు పక్కన విప్పిన చెప్పులు అప్పుడు కనిపించాయి నిరోషకు. ఎడమ చెప్పుకు కుట్టు వేసి ఉంది. ఆ కుట్టు వేయించింది తనే, ఉగాదికి పోయినప్పుడు.

లోపలి నుంచి రాధమ్మ వచ్చి నిలబడింది. చేతిలో సీతాఫలాల పళ్లెం. ఊరివాళ్లు తాండూరు మార్కెట్‌కు జీపులో వస్తుంటే, ఉగాది తర్వాత చూడని బిడ్డను ఒకసారి చూసిపోదామని మధ్యాహ్నమే వచ్చింది. వచ్చిన వియ్యపురాలిని హన్మమ్మ మొదట అడిగిన మాట, మీరిద్దరూ తొవ్వలో ఎదురుపడలేదా అని. రెండో మాట, మీరు పంపే బిస్కట్లు చానా బాగుంటాయని. ఆ రెండు మాటలతోనే అన్నీ బయటపడ్డాయి. మధ్యాహ్నం నుంచి ఇద్దరు తల్లులూ ఒకే ఇంట్లో, ఒకరి మొహం ఒకరు చూడలేక కూర్చున్నారు.

సంగతి కనిపెట్టి జబీన్ గోడ అవతలి నుంచి వచ్చింది. తనకు ఒంట్లో బాగాలేక దవాఖానాకు తోడు తీసుకుపోయానని, తప్పంతా తనదేనని చెప్పబోయింది.

"వద్దు జబీన్," అంది నిరోష. "చాయ్ తాగనీకే పట్నం పోయిన అత్తమ్మా. ఊలు దుకాణంల కూసోనీకే పోయిన. ఇంక ఏం లేదు."

అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన చంద్రకాంత్‌కు ఆ మాట అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక అతని ముఖం ఎర్రబడింది. తను వద్దనేవాడా, ఒక్క మాట అడిగితే ఏం పోయింది అన్నాడు.

"అడిగిన. మీరు నవ్విన్రు. చాయ్ కోసం రైలెక్కుతరా అన్నరు. తెల్లారి దోస్తులకు గూడ చెప్పి నవ్విన్రు."

చంద్రకాంత్‌కు గుర్తొచ్చింది. అతను బూట్లు విప్పడం మొదలుపెట్టాడు. విప్పిన తాడునే మళ్లీ ముడి వేస్తున్నాడు.

హన్మమ్మ మాత్రం ఊరుకోలేదు. చాయ్ ఇంట్లో లేదా అని అడిగింది. తాండూరులో ఊలు దొరకదా అంది. తెల్లవారకముందే లేచి, మోకాళ్ల నొప్పితో పొయ్యి ముందు కూర్చుని, వియ్యపురాలు తింటుందని చేసిన రొట్టెలు ఎవరి పాలు చేశావని అడిగింది. పోయిననెల ఎడమచేయి కాలినప్పుడు కూడా చేశానని చెప్పింది.

రాధమ్మ పళ్లెం కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"రైలు మా ఊర్ల ఆగుతది గద బిడ్డా," అంది.

అంతే అంది. నిరోష అక్కడే బండల మీద కూలబడింది. అత్త అడిగినన్ని మాటలకు రాని ఏడుపు ఆ ఒక్క మాటకు వచ్చింది. దిగితే తల్లి అన్నం తినకుండా పోనివ్వదని, తింటే రైలు పోతుందని, రైలు పోతే ఆ ఒక్క రోజూ పోతుందని భయపడ్డానని వెక్కుతూ చెప్పింది. గక్కడ కప్పు ఖాళీ అయినంక కూడా ఎవరూ లెవ్వమనరమ్మా అంది.

కాసేపటికి లేచి బీరువా దగ్గరికి పోయింది. కింది అరలోని సంచి తెచ్చి, ఆ రోజు తెచ్చిన ఉండను కూడా అందులో వేసి, హన్మమ్మ ఒడిలో పెట్టింది. అందులో పసుపు, నేరేడుపండు రంగు, ఇటుక రంగు, మబ్బు రంగు, ఆ రోజు వచ్చిన ఆకుపచ్చ. ఒక్కో రంగు ఒక్కో ఉండ. ఏ ఒక్కటీ విప్పలేదు.

"గివి ఏంది?"

"మీవి అత్తమ్మా. దుకాణం రజియమ్మ పంపింది. డబ్బా ఖాళీగ పంపొద్దని ఆమె గూడ అనుకుంటది. నేనే మీకు ఇయ్యలే."

"నాకెందుకు పంపుతది? నేను ఆమెకు ఎరికనా?"

"రొట్టెలు చేసినామెకు ఇయ్యమంటది. ప్రతిసారి మీరెట్లున్నరని అడుగుతది. తొక్కుల ఎల్లిగడ్డ ఎక్కువైతేనే మంచిగున్నదన్నది."

హన్మమ్మ పసుపు ఉండను తీసి చెంపకు ఆనించుకుంది. ఆ ఇంటి నుంచి పోయిన రొట్టెలు, పప్పు, పచ్చళ్లు అన్నీ ఇంటి పేరు మీదే పోయాయి. మంచిదన్నా చెడ్డదన్నా ఇంటికే వచ్చింది. ఊరు కాని ఊరిలో, ముఖం చూడని మనిషి, ఇవి చేసిన చేతులు ఎలా ఉన్నాయని అడగడం ఆమె ఎరగదు. కళ్లలో నీళ్లు నిండాయి. తుడుచుకోలేదు.

తర్వాత వియ్యపురాలి వైపు తిరిగింది.

"సూసినవా వదినె. నీ రొట్టెలు ఆమె తిన్నది. నా ఊలు బీరువా తిన్నది. మనిద్దరికి ఏం రాలే."

రాధమ్మకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది. జబీన్ వంటింట్లోకి పోయి, ఎవరినీ అడగకుండా చాయ్ పెట్టింది. ఆ సాయంత్రం డబ్బాలోని బిస్కట్లు అందరూ తిన్నారు. చంద్రకాంత్ కప్పులు తనే కడిగాడు. ఒకదాని పిడి విరగ్గొట్టాడు కూడా.

కానీ రాధమ్మ మనసు అంత తొందరగా కుదుటపడలేదు. మర్నాడు పొద్దున ఆమె నిరోష తల దువ్వింది. జడ చివర ముడి వేస్తూ అడిగింది.

"మా స్టేషన్ వచ్చినప్పుడు ఏ దిక్కు కూసునేదానివి?"

"ప్లాట్‌ఫారం లేని దిక్కు."

"వచ్చేసారి ఇటు దిక్కు కూసో," అంది తల్లి.

దసరా వెళ్లాక, పొద్దున పొగమంచు పడే రోజుల్లో ఆ వచ్చేసారి వచ్చింది. చంద్రకాంత్ సెలవు పెట్టి ఇంటి దగ్గర ఉన్నాడు. రైల్లో జబీన్, నిరోష, వాళ్ల మధ్యన ఒడిలో డబ్బాతో హన్మమ్మ. రొట్టెలు ఎక్కువ చేసింది. డబ్బా మూత సరిగ్గా పడక తాడు కట్టింది. వికారాబాద్‌లో నిరోష ప్లాట్‌ఫారం వైపు కిటికీలోంచి చేయి బయటపెట్టి ఊపింది. కొత్త చీరలో నిలబడ్డ రాధమ్మ ఆ చేతిని చూసి ముందు నవ్వి, తర్వాత పరుగెత్తి వచ్చి బండెక్కింది.

హోటల్ గదిలో హన్మమ్మ చాయ్‌ను సాసర్‌లో పోసుకుని తాగింది. తాగిన కప్పును అలవాటుగా తీసుకుని కడగడానికి లేచింది. జబీన్ కొంగు పట్టి కూర్చోబెట్టింది. కూర్చున్న హన్మమ్మ కొంచెంసేపు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చూసింది. తర్వాత వాటిని ఒడిలో పెట్టుకుని, తెర కింద నుంచి గల్లీలో పోయే కాళ్లను చూస్తూ ఉండిపోయింది.

"బిడ్డా, ఇంకొక చాయ్ చెప్పు," అంది చివరికి. "తొందరేం లేదు."

ఊలు దుకాణంలో రజియా డబ్బాను చూసి మనిషిని గుర్తుపట్టింది. గల్లా వదిలి బయటికొచ్చి, హన్మమ్మ రెండు చేతులూ పట్టుకుని, వాటిని తిప్పి అరచేతులు చూసింది. "ఇవేనా?" అని అడిగింది. హన్మమ్మ సిగ్గుపడి చేతులు లాక్కోబోయి, లాక్కోలేదు.

సాయంత్రం తిరుగు రైలు వికారాబాద్‌లో ఆగినప్పుడు రాధమ్మ దిగింది. హన్మమ్మ కిటికీలోంచి డబ్బా అందించింది. పొద్దున వియ్యపురాలి కోసమే విడిగా దాచిన రొట్టెలు దాంట్లో ఉన్నాయి. అన్ని నెలలుగా పంపుతున్న రొట్టెలు ఆ సాయంత్రం చేరాల్సిన చేతికి చేరాయి.

"డబ్బా ఎప్పుడు పంపుతవు వదినె?" హన్మమ్మ అడిగింది.

"నేను పంప," అంది రాధమ్మ. "నువ్వే వచ్చి తీస్కపో."

బండి కదిలింది. నిరోష తల్లి కనిపించినంతసేపూ కిటికీ పక్కనే ఉంది. పక్కన హన్మమ్మ సంచిలోంచి పసుపు ఊలు తీసి, కొస కోసం వెతుకుతోంది. దొరికాక దాన్ని కోడలి చేతికిచ్చింది.

"మొదలు ఎట్ల పెడ్తరో చూపియ్," అంది.