తీగ కొసకు దారం

సాయంత్రం ఆరుంబావు.

రేడియో పెద్దాయన తన ఇంటి వెనక సిమెంటు గచ్చు మీద పడి ఉన్నాడు. చేతిలో ఇంకా కటింగ్ ప్లయర్. ప్రాణం లేదు.

ఇన్‌స్పెక్టర్ పైకి చూశాడు. డాబా పిట్టగోడ మీద ఇనుప గొట్టం. దాని నుంచి ఆంటెన్నా తీగ కిందికి దిగి, గది కిటికీలోకి వెళ్తోంది.

"కాలు జారిందంటారా సార్?" అన్నాడు కానిస్టేబుల్.

"జారింది సరే. ఈ వయసులో పైకెందుకు ఎక్కాడో చూడాలి కదా?"

గదిలో బల్ల మీద, దూరాల వాళ్లతో మాట్లాడే హామ్ రేడియో సెట్టు. గోడకు గ్రాఫ్ కాగితం. కొత్త ఆంటెన్నా ప్లాను అది. వాటర్ ట్యాంక్ మీద ఇంకో పన్నెండడుగుల గొట్టం, తీగల కొలతలు. కింద ఎర్ర సిరాతో, 'ఎత్తు చాలకే అందడం లేదు. రేపు ఉదయం పని మొదలు.'

లాగ్‌బుక్ తెరిచాడు. మొదటి పేజీ నిండా పెద్దాయన సొంత నియమాలు. తర్వాత రెండేళ్లుగా, రోజూ సాయంత్రం ఐదున్నరకు, ఒకే కాల్ సైన్, రేడియోలో ఒక మనిషిని పిలిచే గుర్తు. పక్కన ఒకే మాట. జవాబు లేదు.

"ఎవరిదమ్మా ఈ కాల్ సైన్?"

గుమ్మంలో పెద్దాయన భార్య నిలబడి ఉంది. వీధికంతా బట్టలు కుట్టేది ఆవిడే.

"మా అమ్మాయిది. ఓడలో రేడియో ఆఫీసరు. ఆ ఓడ మళ్లీ కనపడలేదు బాబూ."

ఇన్‌స్పెక్టర్ లాగ్‌బుక్‌లో ఆఖరి లైను చదివాడు. '5.30. సెట్టు మీటరు తేడాగా ఉంది. చూసి వస్తాను.'

కానిస్టేబుల్ కిటికీ కర్టెన్ తొలగించాడు. "సార్, తీగ కోసేశారు."

పక్కింటి లెక్కల మాస్టారిని పిలిపించారు. టీవీలో గీతలొస్తున్నాయని, ఆ తీగ తెంపి పారేస్తానని నిన్ననే వీధంతా వినేలా అరిచిన మనిషి.

"సాయంత్రం ఐదున్నరకు ముందు ఎక్కడున్నారు?"

"ట్యూషన్ చెప్తున్నా. పదకొండు మంది పిల్లలున్నారు, అడగండి."

"తెంపేస్తానన్నారట?"

"నా నోటిదూల సార్. ఆ ప్లానుకి లెక్కలు వేసిచ్చింది కూడా నేనే." మాస్టారు కండువాలో మొహం పెట్టుకుని ఏడ్చేశాడు.

ఇన్‌స్పెక్టర్ తీగ కొసలు చేతిలోకి తీసుకున్నాడు.

"పగతో కోసేవాడు బయట కోసి పారిపోతాడు. ఇది గది లోపల, కర్టెన్ వెనక కోశారు. పైగా రెండు కొసలకీ గుడ్డ చుట్టి, దారంతో ముడేశారు. రాగి పోగులు ఆయన వేలికి గుచ్చుకోకూడదని. కోసిన అంచు అలా వదిలేయడం చేతకాని మనిషి ఈ ఇంట్లో ఒక్కరే ఉన్నారమ్మా."

ఆవిడ కుట్టుమిషను స్టూలు మీద కూలబడింది.

"ఐదింటికి, ఆయన స్నానానికి వెళ్లినప్పుడు కోశాను. రేపు ట్యాంక్ ఎక్కుతానన్నారు. పడితే ఏమైనా ఉందా? అదొక్కటే కూడా కాదు బాబూ. నా బిడ్డ పలకలేదని రోజూ సాయంత్రం మళ్లీ వినాలి. రెండేళ్లు విన్నాను. ఇంక నావల్ల కాలేదు."

ఆవిడ కిటికీలోంచి పైకి చూసింది.

"కింద కోస్తే కిందే వెతుక్కుంటారనుకున్నా. డాబా ఎక్కే పని ఉండదనుకున్నా. మరి పైకెందుకు వెళ్లారు బాబూ?"

ఇన్‌స్పెక్టర్ లాగ్‌బుక్ మొదటి పేజీకి తిప్పాడు. మూడో నియమం. 'మీటరు తేడా చూపిస్తే ముందు డాబా మీది కొస చూడాలి. గాలికి, పక్షులకు చెడేది అదే. గదిలోది ఆఖరున.'

నలభై ఏళ్ల సంసారంలో ఆవిడ ఆయన రేడియో పుస్తకాలు ఎప్పుడూ తెరిచి ఉండదు.

"తెలీదమ్మా," అన్నాడు.

"అందులో ఏమైనా రాశారా? ఒకసారి ఇలా ఇవ్వండి."

"ఇది కేసు ప్రాపర్టీ. ఇవ్వకూడదు."

ప్రమాదమని రిపోర్టు రాశాడు. పుస్తకం చంకలో పెట్టుకుని జీపెక్కాడు. తర్వాత ఆవిడ స్టేషన్‌కి మూడుసార్లు వచ్చి అడిగింది. మూడుసార్లూ కనపడటం లేదనే చెప్పాడు.